దిగే గేరు

పలాస కాశీబుగ్గలో ఇంజను పని చేసేవాళ్ళు పాతికమంది ఉంటారు. గేరుబాక్సు విప్పేవాళ్ళు పదిమంది దాకా తేలతారు. వెనక చక్రాల మధ్య ఇరుసుకి గుమ్మడికాయలా ఉబ్బి ఉంటుందే, ఆ ఇనపగుండు విప్పి లోపలి పళ్ళ చక్రాలు మార్చి, మళ్ళీ కుయ్యిమని కూత రాకుండా కూర్చేవాడు మాత్రం ఒక్కడే. క్రౌను వరహాలు. ఇంటిపేరు అడిగితే పక్క షెడ్డువాడు కూడా తల గోక్కుంటాడు.

ఆ గుండులో పెద్ద మాయేమీ లేదు. ఇంజను నుంచి వచ్చే షాఫ్టు చివర చిన్న పళ్ళ చక్రం ఉంటుంది, దాన్ని పినియను అంటారు. అది తిప్పే పెద్ద చక్రం క్రౌను. చిన్నదానికి ఎన్ని పళ్ళు, పెద్దదానికి ఎన్ని పళ్ళు అన్నదాన్ని బట్టే బండి గుణం. ఎనిమిదీ నలభై ఒకటీ అయితే షాఫ్టు ఐదుసార్లకి పైగా తిరిగితేగాని చక్రం ఒక్క చుట్టు తిరగదు. అది బరువు బండి. నిదానంగా పోతుంది, ఎంత ఎత్తయినా మూలగకుండా ఎక్కుతుంది. పదీ నలభై ఒకటీ అయితే నాలుగు చుట్లకే చక్రం తిరిగిపోతుంది. అది పరుగు బండి. హైవే మీద ఇంజను గోల పెట్టదు, డీజిలు తక్కువ తాగుతుంది. రెండు గుణాలూ ఒకే బండికి కావాలంటే కుదరదు. ఈ సంగతి వరహాలు రోజుకి నాలుగుసార్లు చెబుతాడు, వినేవాడికి ఓపిక ఉన్నా లేకపోయినా.

చెప్పొద్దూ, మనిషి కాస్త చాదస్తుడే. పళ్ళు మార్చిన బండిని చూస్తూ చూస్తూ తాళం చేతికిచ్చి పంపించడు. షెడ్డు వెనక ముప్పై ఇసుక మూటలు ఉంటాయి, సముద్రపు ఇసుక. అవి బండిలోకి ఎక్కాలి. డ్రైవరు స్టీరింగు ముందు, వరహాలు పక్కన కూర్చోవాలి. హైవే మీది వంతెన ఎక్కి, అవతల పక్క బ్రేకు తొక్కకుండా దిగాలి. ఏ గేరులో దిగితే బండి తనంతట తాను పట్టుకుని ఆగుతుందో డ్రైవరు నోటితో చెప్పేదాకా ఒకటికి మూడుసార్లు తిప్పుతాడు. తొందరలో ఉన్నవాడు తిట్టుకుంటాడు. తిట్టుకోనీ.

ఈ చాదస్తం ఊరికే రాలేదు. ఇరవై రెండేళ్ళ వయసులో వరహాలు టెక్కలిలో ఒక లారీ షెడ్డులో పనిచేసేవాడు. కోటబొమ్మాళి డ్రైవరొకడి వ్యానుకి పరుగు పళ్ళు వేసి పంపించాడు. నాలుగో రోజున ఆ డ్రైవరు కుంటుకుంటూ వచ్చి, మాటా మంతీ లేకుండా చెంప ఛెళ్ళుమనిపించాడు. "ఎక్కడం బాగానే ఉన్నాదిరా. దిగడం మాటేటి? పళ్ళు మార్చినోడివి, గేరు మారిపోనాదని సెప్పక్కర్నేదా?" అన్నాడు. పాత అలవాటు కొద్దీ పాత గేరులోనే దిగాడట, వ్యాను పట్టు తప్పి పరిగెత్తిందట, ఇసుక గుట్ట అడ్డం వచ్చి బతికాడట. దిగుడులో బండిని ఆపేది బ్రేకు ఒక్కటే కాదు. గేరులో ఉన్న ఇంజను బండిని వెనక్కి పట్టి లాగుతుంది. పళ్ళు మారితే ఆ పట్టు మారిపోతుంది. నిన్నటి రెండో గేరు ఇవాళ పేరుకే రెండోది. ఆ చెంపదెబ్బతో వరహాలుకి అది తలకెక్కింది. కాశీబుగ్గలో సొంత షెడ్డు పెట్టిన మర్నాడే బారువ తీరం నుంచి ఇసుక తెప్పించాడు. అప్పటికింకా పెళ్ళికాని చెల్లెలు దాలమ్మ, పాత జీడి గోనెలు కత్తిరించి, దబ్బనంతో ముప్పై మూటలూ కుట్టి పెట్టింది.

ఆ దాలమ్మనే సోంపేట దగ్గర ఉద్దానం ఊళ్ళో త్రినాథరావుకి ఇచ్చాడు. త్రినాథరావుకి కొబ్బరితోట కొంచెం, జీడితోట కొంచెం, వాటికంటే ఎక్కువ ప్రేమగా చూసుకునే పికప్ బండి ఒకటి. పదకొండేళ్ళుగా ఆ బండి మీద మందస పైన కొండ ఊళ్ళకి ఖాళీగా ఎక్కి, జీడిపిక్కల బస్తాలతో దిగేవాడు. కొండ తోవ నేర్పింది కూడా వరహాలే. "రెండో గేరులో ఎట్టుకో, కిందకొచ్చీదాకా దాని జోలికెళ్ళకు, బ్రేకుని నమ్ముకోకు" అని మొదటి రోజున పక్కన కూర్చుని చెప్పాడు. త్రినాథరావు పదకొండేళ్ళూ ఆ మాట తప్పలేదు. చెయ్యి దానంతటది రెండో గేరుకి పోయేది. బావాబావమరుదులు కలిస్తే మాత్రం ఒకణ్ణొకడు దెప్పుకోకుండా అన్నం తినేవాళ్ళు కాదు.

మాఘమాసంలో త్రినాథరావు బండి తెచ్చి షెడ్డు ముందు ఆపాడు.

"బావా, పళ్ళు మార్చీయి. పరుగు బండి సేసీయి దీన్ని."

"ఏటొచ్చింది ఇప్పుడు దీనికి? బాగానే ఉన్నాది కదా."

"వైకుంఠరావుగారు పప్పు డబ్బాలు విశాఖపట్నం తోలమన్నారు. వారానికి మూడు టిప్పులు. ఈ పళ్ళతో హైవే మీద యాభై దాటితే ఇంజను సెవులు కోసెత్తన్నాది."

వైకుంఠరావు పలాసలో జీడి ఫ్యాక్టరీ యజమాని. ఆయన మాట ఇచ్చాడంటే తప్పడని పేరు. అయినా వరహాలు బండి చుట్టూ ఒకసారి తిరిగి, టైర్లు తన్ని, అసలు ప్రశ్న వేశాడు.

"కొండకెల్తావా మరి?"

"కొండ సాలించీసినాను బావా. నడుం పడిపోతన్నాది. నీ సెల్లి కూడా వద్దంతన్నాది."

"ఒక్క టిప్పు కూడా ఎల్లవు?"

"ఏటి నీ గోల! ఎల్లనని సెప్తన్నాను కదా. రాసిమ్మంటావేటి?"

వరహాలుకి మనసొప్పలేదు. మధ్యస్తంగా తొమ్మిది పళ్ళది వేద్దామన్నాడు. కొండకీ హైవేకీ ఏదోలా సరిపెట్టుకోవచ్చు. త్రినాథరావు వినలేదు. "అటూ ఇటూ కానిదెందుకు? ఎప్పుడైనా నా కోసం ధైర్యంగా ఒక పని సేసినావా బావా?" అని నవ్వాడు. వరహాలుకి కూడా నవ్వొచ్చింది. పాత సామాన్ల కొట్లన్నీ గాలించి పదీ నలభై ఒకటి జోడీ పట్టుకొచ్చాడు. రెండు రోజులు కూర్చుని, పన్నుకి పన్ను ఎక్కడ తాకుతోందో రంగు పూసి చూసుకుని, వెంట్రుకవాసి ఎడం సరిచేసి బిగించాడు. అంత శ్రద్ధగా ఆ ఏడాది ఇంకే బండికీ చెయ్యలేదు. చెల్లెలి మొగుడి బండి మరి.

బండి తీసుకెళ్ళే రోజున త్రినాథరావు దాలమ్మ వండి పంపిన చేపల పులుసు తెచ్చాడు. ఇద్దరూ షెడ్డులోనే బల్ల మీద కూర్చుని తిన్నారు. తిన్నాక వరహాలు లేచి, అలవాటు ప్రకారం వెనక్కి వెళ్ళి ఇసుక మూట మీద చెయ్యి వేశాడు. త్రినాథరావు ఫక్కుమన్నాడు.

"ఒలమ్మో! నాకే? పదకొండేళ్ళు కొండ మీద తోలినోడికి వంతెన ఎక్కడం నేర్పుతావా?"

"ఎక్కడం కాదు బావా, దిగడం..."

"అక్కడ డబ్బాలు కట్టీసి కూకున్నారు. రెండుకల్లా ఎత్తాల. నీ ఇసక నువ్వే మోసుకో."

వరహాలుకి ఆ రోజు నడుం పట్టేసి ఉంది. ముప్పై మూటలు ఎక్కించడం, దించడం తలుచుకుంటేనే ప్రాణం పోయినంత పనైంది. పైగా బావ వెళ్ళేది హైవేకి, కొండకి కాదు కదా. ఫోనులో చెప్పొచ్చులే అనుకున్నాడు. మనవాడే కదా అనుకున్నాడు. అదే మాట. పరాయివాడికైతే చచ్చినా తాళం ఇవ్వని మనిషి, మనవాడే కదా అని ఇచ్చేశాడు. పులుసు గిన్నె తిరిగిస్తూ, దాని మీద తాళం పెట్టి ఇచ్చాడు.

ఆ రాత్రి గుర్తొచ్చింది, పొద్దున్న చెబుదామనుకున్నాడు. వారం పోయాక మళ్ళీ గుర్తొచ్చింది, అప్పుడు త్రినాథరావే ఫోను చేసి బండి వెన్నలా పోతోందని మురిసిపోయాడు. ఆ మురిపెంలో అసలు మాట మరుగునపడిపోయింది. తర్వాత గుర్తుకు కూడా రాలేదు.

వైశాఖం వచ్చింది. కొండ మీద పిక్కల కాలం. వైకుంఠరావు దగ్గర కొండకి తిరిగే బండి మూలపడింది. కొండ ఊళ్ళల్లో రాశులు పోసిన పిక్కల మీదికి మబ్బు పట్టింది. వానకి తడిస్తే పిక్క నల్లబడుతుంది. తోవ తెలిసినవాడు ఎవరున్నారు? త్రినాథరావు. ఒక్క టిప్పు వేసి పెట్టమని అడిగాడాయన. పిలిచి పని ఇచ్చిన మనిషి అడిగితే ఎలా కాదంటాడు?

వెళ్ళే ముందు త్రినాథరావు వరహాలుకి ఫోను చేశాడు. ఇది మాత్రం బాగా గుర్తుపెట్టుకోవాలి. అడక్కుండా వెళ్ళలేదు ఆ మనిషి.

"బావా, కొండకి ఒక్క టిప్పు ఎల్లాలొచ్చింది. ఈ పళ్ళతో ఎక్కుద్దా?"

వరహాలు అప్పుడు ట్రాక్టరు కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ముఖం మీద నూనె కారుతోంది, పక్కన గ్రైండరు మోగుతోంది.

"ఎల్లీటప్పుడు ఖాళీయే కదేటి? ఎక్కుద్ది. మరీ మూలిగితే మొదటి గేరెయ్యి."

"సరే బావా."

అతను ఎక్కడం గురించి అడిగాడు. ఇతను ఎక్కడం గురించి చెప్పాడు. ఫోను చొక్కాజేబులో పెట్టుకుని వరహాలు మళ్ళీ స్పానరు అందుకున్నాడు.

సాయంత్రం నాలుగింటికి కబురొచ్చింది.

వరహాలు వెళ్ళేసరికి మనుషుల్ని తీసుకెళ్ళిపోయారు. కొండ మూడో మలుపు దగ్గర బండి తలకిందులుగా రాళ్ళ మీద పడి ఉంది. పిక్కలు లోయంతా చిమ్మి ఉన్నాయి. త్రినాథరావు అక్కడికక్కడే పోయాడు. బస్తాల మీద కూర్చుని వచ్చిన, మూటలెత్తే కలాసీ అసిరయ్య, ఉద్దానం మనిషే, ఆసుపత్రి తోవలో పోయాడు. కానిస్టేబులు కాగితం మీద ఏదో రాసుకుంటున్నాడు. చుట్టూ చేరినవాళ్ళు అప్పుడే తేల్చేశారు.

"న్యూట్రల్లో ఒగ్గీసుంటాడు. డీజిలు కలిసొత్తాదని దిగుడులో అందరూ సేసీదే కదా."

వరహాలు వంగి, పగిలిన అద్దంలోంచి లోపలికి చూశాడు. గేరు కర్ర రెండులో ఉంది. గట్టిగా, తిన్నగా రెండులో ఉంది. వెనక చక్రాల దగ్గరికి వెళ్ళాడు. బ్రేకు డ్రమ్ములు కాలి నీలంగా మారాయి, ఇంకా మాడు వాసన వస్తోంది. వరహాలుకి ఇంకెవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది. బస్తాల బరువుతో బండి రెండో గేరులో దిగింది. రెండో గేరు పట్టలేదు. ఎందుకు పట్టడం లేదో ఆ మనిషికి అర్థం కాలేదు. పదకొండేళ్ళు పట్టిన గేరు ఇవాళ ఎందుకు జారుతోందని బ్రేకు తొక్కాడు, తొక్కుతూనే ఉన్నాడు, అది కాలిపోయింది. అంత వేగంలో మొదటి గేరు పడదు. మొదటి మలుపు దాటాడు, రెండోది దాటాడు. ఆ రెండు మలుపుల మధ్య బావ ఏమనుకుని ఉంటాడో తలుచుకుంటూ వరహాలు రాయి మీద కూలబడిపోయాడు. పాపం, బావ చచ్చిపోయాడని ఏడుస్తున్నాడనుకుని ఎవరో నీళ్ళిచ్చారు.

అప్పుడే చెప్పాల్సింది. కానిస్టేబులు అక్కడే ఉన్నాడు, కాగితం తెరిచే ఉంది. డ్రైవరు నిర్లక్ష్యం అని రాసుకుని ఆయన వెళ్ళిపోయాడు.

ఆ మాట ఉద్దానమంతా పాకింది. డీజిలు ఆశకి తానూ చచ్చి ఇంకొకణ్ణి చంపాడన్నారు. బస్సుల్లో అన్నారు, టీ కొట్ల దగ్గర అన్నారు. దాలమ్మ బావి దగ్గరికి పోతే అక్కడా గుసగుసలే. పదకొండేళ్ళలో ఒక్కనాడు కూడా దిగుడులో న్యూట్రల్ వెయ్యని మనిషికి దక్కిన పేరది. వరహాలు అన్నీ విన్నాడు. రోజూ చెల్లెలింటికి వెళ్ళాడు, కర్మకి కావలసినవన్నీ తెచ్చాడు, తల వంచుకుని తిరిగొచ్చాడు. నిజం చెబితే బావ పేరు నిలబడుతుంది, చెల్లెలు దూరమైపోతుంది. చెప్పకపోతే చెల్లెలు ఉంటుంది. పది రోజులు ఈ త్రాసులోనే ఊగాడు. అన్నం ముందు కూర్చుంటే చేపల పులుసు వాసన వచ్చినట్టుండి లేచిపోయేవాడు.

పదకొండో రోజున పందిట్లో ఊరంతా కూర్చుంది. వైకుంఠరావు కూడా వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. వడ్డనకి ఆకులు పరుస్తుండగా బంగారమ్మ వచ్చింది. అసిరయ్య పెళ్ళాం. ఎవరూ పిలవలేదు, ఎవరూ ఆపలేదు. పందిరి మధ్యలో నిలబడి దాలమ్మ వైపు చెయ్యి చాపింది.

"బాగా తినండి! నీ మొగుడు గిన్నెడు డీజిలు కోసం నా మొగుణ్ణి సంపీసినాడు. బస్తాల మీద కూకున్నోడు ఏటి పాపం సేసినాడే? అడిగితే దిగిపోయీవోడు కదే, నడిచొచ్చీవోడు కదే!"

దాలమ్మ తల ఎత్తలేదు. గుంజకి ఆనుకుని అలాగే కూర్చుంది. ఆ తల వంపు చూశాక వరహాలు ఇక కూర్చోలేకపోయాడు.

"న్యూట్రల్ కాదు," అన్నాడు లేచి. "బండి గేరులోనే ఉన్నాది. నా కళ్ళతో సూసినాను. రెండులో ఉన్నాది. తప్పు త్రినాథది కాదు, నాది. పళ్ళు మార్చింది నేను. మార్చినాక రెండో గేరు పట్టదు, మొదటి గేరులోనే దిగాలని సెప్పాల. నేను సెప్పనేదు. ఎప్పుడూ దిగినట్టే దిగినాడు ఆడు. ఆడు సరిగ్గానే తోలినాడు!"

ఆకులు పరిచేవాళ్ళు చేతిలో ఆకులతోనే ఆగిపోయారు. తర్వాత ఒక ముసలాయన "పాపం" అన్నాడు. ఇంకొకాయన లేచి వరహాలు భుజం పట్టుకున్నాడు. వైకుంఠరావు కళ్ళు తుడుచుకున్నాడు.

"కూకో వరహాలూ, కూకో. నీ మనసు మంచిది. సచ్చిపోనోడి మీద మాట పడకుండా నీ మీదేసుకుంతన్నావు. బావంటే నీకెంత పేణమో మాకు తెల్దా?"

"కాదు బాబూ, నేను సెప్పీది యినండి. ఎనిమిది పళ్ళు తీసి పది పళ్ళది..."

"సరేలే. గేరు గేరే కదా, పళ్ళు మారితే మాత్రం గేరు మారిపోద్దేటి?"

ముప్పై ఏళ్ళుగా రోజుకి నాలుగుసార్లు చెప్పిన సంగతి. ఆ రోజు ఒక్కడికి కూడా ఎక్కలేదు. ఎంత విడమరిచి చెబితే అంత మంచివాడనుకున్నారు. బంగారమ్మ అతన్ని పైనుంచి కిందికి చూసింది. "నువ్వు పళ్ళు లెక్కెడితే నా మొగుడొత్తాడా?" అంది, అక్కడే నేల మీద కూలబడి మోకాళ్ళలో ముఖం పెట్టుకుంది. నింద ఎక్కడుందో అక్కడే ఉంది. వడ్డన మళ్ళీ మొదలైంది.

వరహాలు పెరట్లోకి వెళ్ళి, జీడిచెట్టు కింద నీళ్ళ గోళెం దగ్గర నిలబడ్డాడు. కాసేపటికి వెనక అడుగుల చప్పుడైంది. దాలమ్మ. పది రోజుల్లో మనిషి సగమైపోయింది. దగ్గరికి వచ్చి, ఎవరూ వినకుండా, నెమ్మదిగా అడిగింది.

"వంతెన ఎక్కించనేదా అన్నయ్యా?"

వరహాలు గోళెం అంచు పట్టుకున్నాడు. ఊరంతటికీ అర్థంకాని మాట ఈ ఒక్కదానికే అర్థమైంది.

"ముప్పై మూటలు నేనే కుట్టినాను కదా," అంది దాలమ్మ. "సేతులు బొబ్బలెక్కితే నువ్వే నూనె రాసినావు. ఎవులు దీవించకపోయినా ఆ డ్రైవర్ల పెళ్ళాలు నిన్ను దీవిత్తారే అన్నావు. మరి మీ బావ బండికి ఎక్కించనేదా?"

"నేదు."

"ఎందుకు?"

నడుం నొప్పి అని చెప్పొచ్చు. తొందరపెట్టాడని చెప్పొచ్చు, అదీ నిజమే. కొండకెళ్ళనన్నాడని చెప్పొచ్చు. చెల్లెలి ముఖం చూశాక వాటిలో ఏదీ నోటికి రాలేదు.

"మనోడే కదా అనుకున్నాను," అన్నాడు.

దాలమ్మ కాసేపు అతని చేతులకేసి చూసింది. గోళ్ళ కింద ఎన్నటికీ పోని నల్లటి గ్రీజు.

"పరాయోడైతే బతికీవోడు," అంది.

గోళెంలో చెంబు ముంచి నీళ్ళు తీసుకుంది. పందిట్లోకి వెళ్ళి, నేల మీద కూర్చున్న బంగారమ్మ పక్కన తనూ చతికిలబడి, చెంబు ఆమె చేతికిచ్చింది. అన్నయ్య తిన్నాడా లేదా అని ఆ రోజు అడగలేదు.